పట్టేసిన చక్రాలు, ఒక తెల్లరాయి

అరకు వెళ్ళొచ్చానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది గుహల గురించే. నేను గుహలు చూడలేదు. మ్యూజియమూ చూడలేదు. ఆ మూడు రోజుల్లో నేను బాగా చూసింది నా కారు వెనక చక్రాల లోపలి భాగం. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది విజయనగరం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఘర్షణ అనే పాఠం ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. కారు చిన్నది, ఎర్రది, సెకండ్ హ్యాండ్‌లో నా జీతంతో నేనే కొనుక్కున్నాను. వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులుండటం ఈ సైజు కార్లలో అరుదని అమ్మినాయన మూడుసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ ధర కొంచెం పెంచాడు. మా ఆయనకి మొదటి నుంచీ ఆ కారంటే గిట్టదు. కొంటానని ఎవరో వెంటపడుతున్నారనీ, ఘాట్ రోడ్డు ఎక్కే సత్తా దానికి లేదనీ, నడిపే సత్తా నాకూ లేదనీ ఒకరోజు అన్నం తింటూ తేల్చేశారు.

నా నోరు ఊరుకోదు కదా. "అరకు వెళ్ళి నేనే నడుపుకుంటూ తిరిగొస్తాను. దారిలో సాయం కోసం మీకు ఒక్క ఫోన్ చేసినా, మర్నాడే కారు అమ్మేయండి" అనేశాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన దేనికీ అంత తొందరగా ఒప్పుకోలేదు. పైగా వాళ్ళక్కని నాకు తోడు పంపారు.

వదినకి అరవై మూడు. కొండ చీపుళ్ళూ, కొండ పసుపూ కొనుక్కోడానికి వస్తున్నానంది. కాపలాకి వస్తోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆవిడ ఫోను మెడలో తాడుకి వేలాడుతూ ఉంటుంది. దారి పొడుగునా నా కళ్ళు రోడ్డు మీద ఎంతసేపున్నాయో, ఆ ఫోను మీదా అంతసేపు ఉన్నాయి.

ఘాట్ మొదలైన చోట

శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నాం. వదినకి షుగరు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు తెచ్చుకుంది, వాటిని జాగ్రత్తగా పక్కన పెట్టి మూడు ఇడ్లీలు తిని, చట్నీ మళ్ళీ వేయించుకుంది. "ఇది లెక్కలోకి రాదులే" అంది. ప్రయాణంలో తిన్నది ఒంటికి పట్టదని ఆవిడ సిద్ధాంతం.

ఊరు దాటిన కాసేపటికి రోడ్డు పైకి లేస్తుంది. చెవులు గుయ్యిమంటాయి. నేను రెండో గేరులో, ప్రతి మలుపులోనూ హారన్ కొడుతూ ఎక్కించాను. నిజం చెప్పాలంటే బాగానే ఎక్కించాను. కాఫీ తోటలు కనపడేసరికి నాకు గర్వం కూడా వచ్చింది. చెట్ల మొదళ్ళ నుంచి కొమ్మల దాకా మిరియాల తీగలు పాకి ఉన్నాయి. మా వైపు తమలపాకు తీగకి పందిరి వేస్తాం, ఇక్కడ చెట్టే పందిరి.

తెల్లరాళ్ళ మలుపు

అనంతగిరి ఇంకా రాకముందు ఒక పెద్ద మలుపుంది. అక్కడ కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్నారు, లోయ మొత్తం కనపడుతోంది. ఆపాను. రోడ్డు బాగా వాలుగా ఉంది. హ్యాండ్ బ్రేకు ఇంక రాదనేంతవరకూ లాగాను. కటకటమని తొమ్మిది సార్లు చప్పుడైంది.

వదినకి నమ్మకం కుదరలేదు. "ఏటే లలితా, బండి ఎనక్కి జారిపోదు కదా?"

"జారదు వదినా. బ్రేకు వేశాను."

"నీ బ్రేకు మీద నాకేటి నమ్మకం? రాయి ఎడదాం."

లోయ వైపు రోడ్డు అంచున సున్నం కొట్టిన రాళ్ళు వరసగా ఉన్నాయి. ఒకదాన్ని ఇద్దరం కలిసి దొర్లించుకొచ్చాం. చిన్న పీట అంత ఉంది. వదిన దాన్ని ఎడమ వెనక చక్రం కింద తన చేతుల్తో సర్ది, డిక్కీ పట్టుకుని పైకి లేచింది. మోకాళ్ళు కదా, ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేదు.

పొత్తు ముప్ఫై రూపాయలు. కారం, నిమ్మకాయ రాసి ఇచ్చారు. తింటుండగానే లోయలోంచి మంచు లేచింది. చూస్తూ ఉండగానే ఎదురుగా కొండ పోయింది, తరవాత చెట్లు పోయాయి. "బేగి పోనీ, ఇంకేటీ కనపడదు" అని వదిన తొందరపెట్టింది. నేను కారెక్కి కదిలించాను. కారు ముందుకి వెళ్ళింది, రాయి రోడ్డు మీద ఉండిపోయింది.

మర్చిపోయానని రాస్తే సుఖంగా ఉండేది. మర్చిపోలేదు. అద్దంలో చూశాను. బూడిద రంగు రోడ్డు మీద తెల్లగా కనపడింది. మలుపులో మళ్ళీ ఆపి, దిగి, వెనక్కి నడవడానికి బద్ధకం వేసింది. ఎవరో ఒకరు తీస్తారులే అనుకున్నాను.

అరకు, మొదటి సాయంత్రం

అక్కడి నుంచి కారు మారిపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం ఇష్టం లేనట్టు నడుస్తోంది. సుంకరమెట్ట దాటాక వదిన ముక్కు ఎగబీల్చింది.

"ఏటో మాడిన కంపు కొడతంది."

"ముందు లారీది వదినా."

ముందు లారీ వెళ్ళిపోయాక కూడా కంపు పోలేదు. అప్పుడు వెనకాల లారీది అన్నాను. వెనకాల ఏ లారీ లేదని ఇద్దరికీ కనపడుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళు ఘర్షణ చెప్పిన మనిషికి, రాసుకుంటే వేడెక్కుతుందన్న సంగతి ఆ సాయంత్రం తట్టలేదు. తట్టినా ఒప్పుకోలేదేమో.

లాడ్జి ఊరి చివర, చిన్న దిబ్బ మీద ఉంది. మళ్ళీ వాలు. మళ్ళీ హ్యాండ్ బ్రేకు, మళ్ళీ తొమ్మిది. చుట్టుపక్కల వలిసె చేలు పూసి పచ్చటి పసుపు రంగులో ఉన్నాయి. పర్యాటకులు అందులో నిలబడి ఫొటోలు దిగుతున్నారు, చేనువాళ్ళు మనిషికి ఇరవై తీసుకుంటున్నారు. మా వైపు చేలో అడుగు పెడితే తిడతారు. ఇక్కడ టిక్కెట్టు పెట్టారు. ఇదే మర్యాదగా ఉంది.

భోజనం బొంగు చికెన్. వెదురు బొంగులో మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. వదిన మాంసం తినదు, వాసన చూసి "బాగానే ఉంటాదేమో" అని తన రొట్టె తీసుకుంది. చలికి ఇద్దరం పెందలాడే పడుకున్నాం.

రెండో రోజు పొద్దున్న

కారు కదల్లేదు. హ్యాండ్ బ్రేకు కిందకి దించాను. మొదటి గేరులో ఇంజను ఆగిపోయింది. వెనక్కి పోనిద్దామని చూస్తే కారు వెనక భాగం కిందకి కుంగింది గాని చక్రాలు తిరగలేదు. మంచుకి తడిసి కారంతా నీళ్ళు కారుతోంది.

వదిన మెడలో ఫోను చేతిలోకి తీసుకుంది. "తమ్ముడికి సెప్పీనా?"

"గంట ఆగండి వదినా. ఒక్క గంట."

ఆవిడ ఫోను వదిలేసింది. అది మళ్ళీ మెడలో ఊగింది. ఆవిడ ఎందుకు వదిలేసిందో నాకప్పుడు అర్థం కాలేదు.

లాడ్జిలో ఊడ్చే ఆవిడ, కిందనే ఒక జీపు మెకానిక్కు ఉన్నాడనీ, సీజన్లో జీపూ నడుపుతాడనీ, పేరు సోమన్న అనీ చెప్పి కబురు పెట్టింది. అరగంటలో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎడమ చేతిలో పనిముట్ల సంచి. కుడి చెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా కట్టు కట్టి ఉంది, ఆకుపసరు కట్టులోంచి పచ్చగా బయటికి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డిక్కీ దగ్గర కాస్త ఆగాడు. తరవాత వంగి చక్రం వైపు చూశాడు.

"హ్యాండు బ్రేకు లాగి ఒదిలేసినారా మేడమ్?"

"అవును. వాలు కదా."

"ఇక్కడెవులూ లాగరు. మంచుకి పట్టేస్తాది. గేరులో ఎట్టి, సక్రం కింద అడ్డు ఎడతాం. అంతే."

సంచిలోంచి రెండు చెక్క దిమ్మలు తీశాడు. ఏటవాలుగా చెక్కినవి, ఒక్కోదానికి జానెడు తాడు కట్టి ఉంది. ముందు చక్రాలకి అవి తన్ని, వెనక జాకీ పెట్టాడు. జాకీ తిప్పడానికి ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. నేను వెళ్ళి తిప్పాను.

వదిన ఊరుకోలేక అడిగింది. "ఏటి నాయనా, ఆ సెయ్యి?"

"నిన్న సాయింత్రం పడిపోనాను అమ్మా. కింద శృంగవరపుకోటకెళ్ళి సామాన్లు కొనుక్కొని బండి మీద ఒస్తన్నాను. అనంతగిరి కింద మలుపుంది కదా, పొత్తులమ్మే కాడ. మంచు. రోడ్డు మద్దిన రాయి." చక్రం బోల్టుకి స్పానరు తగిలిస్తూ, మా వైపు చూడకుండా చెప్పాడు. "ఎవులో టూరిస్టులు సక్రానికి ఎట్టుకొని, తియ్యకుండా ఎలిపోనారు. గట్టు మీద తెల్లరాయి అది."

నేను ఆయన కట్టు వైపు చూశాను.

"విరిగిందా?" అన్నాను.

"లేదు మేడమ్, బెణికినాది. రెండు మూడు వారాలు జీపు తోలలేను. ఇదే సీజను. బామ్మర్ది తోలతన్నాడు, ఆడికి ఇంకా సేతకాదు."

నేను నోరు తెరిచాను. వదిన నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. నీళ్ళు తెద్దాం రమ్మని లాడ్జి గోడ పక్కకి లాక్కెళ్ళింది.

"నోరిప్పకు. ఈడెళ్ళిపోతే ఈ కొండ మీద ఇంకెవుడు సేత్తాడు? తమ్ముడికి ఫోన్ సెయ్యాలి. నీ కారు పోద్ది."

"మీకు కారు పోతే ఏమిటి వదినా?"

"నాకేటి? నేనేనాడూ ఇలా మొగోళ్ళు లేకుండా ఎక్కడికీ ఎళ్ళలేదు. నువ్వు తీసుకొచ్చేవు. మల్లా రావాలని నాకుండదేటి?" అని చెంబు నా చేతికిచ్చింది. "అయినా రాయెట్టింది నేను. సెప్పాలంటే నేను సెప్పాలి. నేను సెప్పను."

కాపలా మనిషి నా పక్షం తిరిగింది. ఇంకో సందర్భమైతే చాలా సంతోషించేదాన్ని. తిరిగి వెళ్ళి నోరు మూసుకుని సోమన్న పక్కన కూర్చున్నాను.

చక్రం లోపల

చక్రం ఊడాక డిస్కు కనపడింది. నీలం, గోధుమ రంగులు కలిసి మాడిపోయి ఉంది. దాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప దవడ లాంటిది కాలిపర్. హ్యాండ్ బ్రేకు లాగితే కేబుల్ వచ్చి ఆ కాలిపర్ వెనకున్న చిన్న మీటని లాగుతుంది. వదిలితే మీట తనంతట తను వెనక్కి పోవాలి. పోవట్లేదు. తుప్పు పట్టి బిగుసుకుంది. సోమన్న డిస్కుకి రాసుకునే బ్రేకు పట్టీల మీద గుడ్డ కప్పి, మీట మొదట్లో తుప్పు వదిలే నూనె రెండు చుక్కలు వేసి, సుత్తి పిడితో మెల్లగా తట్టాడు. పది నిమిషాలు అదే పని. చివరికి టక్కుమని వెనక్కి వెళ్ళింది.

"ఇలాంటిది నానూ సూళ్ళేదు మేడమ్. మా జీపులకి ఎనక డ్రమ్ములు. బైకులకి డిస్కులు, గాని బైకుకి హ్యాండు బ్రేకేటుంటాది? ఇది రెండూ కలిపినట్టున్నాది."

కాలిపర్‌ని విప్పాం. విప్పాం అని రాస్తున్నాను గాని, విప్పింది నేను. ఏ బోల్టు ముందో, ఎటు తిప్పాలో ఆయన చెప్పాడు. దాని రెండు పిన్నులు ఎండిపోయి ఎర్రగా ఉన్నాయి. కాలిపర్ వాటి మీద అటూ ఇటూ జరగాలి. ఎమెరీ కాయితంతో రుద్దడం నా పని. నున్నగా మెరిసేదాకా ఒప్పుకోలేదు. "ఇంకా" అన్నాడు. "ఇంకా." నేను పిల్లల రికార్డులు దిద్దేటప్పుడు ఇంత నిక్కచ్చిగా ఉండను. బైకు డిస్కులకి వేసే గ్రీజు పొట్లం ఆయన దగ్గరుంది. ఈ మధ్య కొండల మీద కుర్రాళ్ళ బైకులన్నిటికీ డిస్కులే కాబట్టి అది దొరుకుతుందట.

చిక్కు పిస్టన్ దగ్గర వచ్చింది. కాలిపర్ లోపల బ్రేకు పట్టీని నొక్కే గుండ్రటి ముక్క అది. పట్టీలు మళ్ళీ పట్టాలంటే దాన్ని లోపలికి పంపాలి. సోమన్న ఇనుప క్లాంపు తగిలించి నొక్కమన్నాడు. నొక్కాను. కదల్లేదు. ఇంకా బిగించబోతే ఆపాడు. దాని మొహం వైపు చాలాసేపు చూశాడు. ఎదురెదురుగా రెండు గాళ్ళున్నాయి.

"ఇది తోస్తే ఎళ్ళదు మేడమ్. తిప్పితే ఎళ్తాది. లోపల మర ఉన్నట్టుంది. పచ్చడి జాడీ మూత లాగ."

పొడుగు ముక్కు పట్కారుని ఆ గాళ్ళలో గుచ్చి తిప్పమన్నాడు. ఎడమ చేత్తో తనే ప్రయత్నించాడు ముందు. పట్కారు జారింది. మళ్ళీ జారింది. అలవాటు కొద్దీ కుడి చెయ్యి ముందుకొచ్చింది, మొహం బిగుసుకుంది, వెనక్కి తీసుకున్నాడు. నేను పట్కారు అందుకుని నొక్కుతూ తిప్పాను. పావు చుట్టు తిరిగింది. తరవాత ఇంకో పావు. అలా లోపలికి వెళ్ళిపోయింది. జీవితంలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు, ఆ వెంటనే అంతే సిగ్గూ వేసింది. ఆ చెయ్యి బాగుంటే అది నేను తిప్పే పని కాదు.

మధ్యాహ్నం సోమన్న భార్య చోడి అంబలీ, అన్నం, రాజ్‌మా కూరా తెచ్చింది. అంబలి మాకూ పోసింది. పుల్లగా, చల్లగా ఉంది. మేం ఇంట్లో చోళ్ళు, అంటే రాగులు, షుగరుకి మందులా తాగుతాం, వీళ్ళు దాహానికి తాగుతారు. సోమన్న ఎడమ చేత్తో అన్నం తినడు. ఆమె కలిపి ముద్దలు చేసి పెడుతుంటే, మా ముందు సిగ్గుపడుతూ తిన్నాడు. "సిన్నపిల్లోడైపోనాడు" అని ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. వదిన అంబలి గ్లాసు కింద పెట్టేసి, చలేస్తోందని లోపలికి వెళ్ళిపోయింది.

తింటుండగా లాడ్జి ముందు వాలులో ఆగి ఉన్న షేర్ జీపు ఒకటి బయల్దేరింది. జనం లోపలా, పైనా, వెనకా ఉన్నారు. అందరికంటే చివర ఉన్నతను దిగి, చక్రం కింద రాయి తీసి, కొండ వైపు అంచున పడేసి, "రాయి తీసినాం!" అని గట్టిగా అరిచి వెనక మెట్టు మీదకి ఎగిరాడు. ఆ కేక వినేదాకా డ్రైవరు ముందుకి చూస్తూ కూర్చునే ఉన్నాడు.

"అది కేకేస్తేనే కదుల్తాం" అన్నాడు సోమన్న. "కేక రాపోతే బండి కదలదు. చివర ఎక్కినోడిదే రాయి. ఎవులైనా సరే, టీచరైనా, పోలీసైనా. రాయి కొండపక్కకే ఎయ్యాలి, లోయపక్కకి కాదు, కింద రోడ్డు మీద మనుసులుంటారు. మరి గట్టు మీద తెల్లరాయి అస్సలు ముట్టుకోం. మంచులో అయ్యే మాకు దారి. ఒక రాయి లేదంటే అక్కడ రోడ్డుందో లేదో తెలవదు."

రాయి తీయకపోవడం ఒక్కటే తప్పనుకున్నాను. రెండు చేశానని అప్పుడు తెలిసింది.

రెండో చక్రం మొత్తం నేనే చేశాను. ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఒక్క మాటా చెప్పలేదు, పిన్నుల దగ్గర మాత్రం "ఇంకా" అన్నాడు.

సంత దాకా, వెనక్కి

పరీక్షకని సంత దాకా నడపమన్నాడు. చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయి. సంతలో వదిన చీపుళ్ళు కొంది, కట్ట అరవై. పసుపు కొమ్ములు డబ్బాతో కొలుస్తున్నారు. వదిన అలవాటుగా బేరం ఆడింది. అమ్మే ఆమె కోప్పడలేదు, మాట్లాడలేదు, పోసిన పసుపు తిరిగి కుప్పలో కలిపేసి వేరేవాళ్ళ వైపు తిరిగింది. మా వైపు బేరమాడకపోతే చిన్నబుచ్చుకుంటారు. వదిన ఆమె చెప్పిన ధరకే రెండు డబ్బాలు కొనుక్కుని, దారంతా ఆమెని మెచ్చుకుంటూనే ఉంది.

లాడ్జి దగ్గర సోమన్న డిస్కులకి చెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. కాలట్లేదు. ఆరు వందలు అడిగాడు. ఇచ్చాను. ఇప్పుడు చెప్పినా కారు ఎక్కడికీ పోదు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పనయ్యాక చెప్పే నిజం సగం నిజమే.

"సోమన్నగారూ, ఆ రాయి మేమే పెట్టాం. రోడ్డు మీద ఉండిపోయిందని అద్దంలో చూశాను కూడా. చూసీ వచ్చేశాను."

ఆయన పనిముట్లు తుడుస్తూనే ఉన్నాడు. "తెల్సు మేడమ్."

"తెలుసా?"

గడ్డంతో డిక్కీ వైపు చూపించాడు. వెళ్ళి చూశాను. ఎర్ర డిక్కీ మీద, ఎడమ వైపున, తెల్లటి చెయ్యి అచ్చు. అయిదు వేళ్ళూ, వేలికి ఉంగరం గీతతో సహా. మంచు తడికి కొంచెం పల్చబడింది గాని పోలేదు. వదిన నిన్న సున్నం చేత్తో పట్టుకుని లేచిన చోటది. పొద్దుటి నుంచీ అందరి కళ్ళ ముందూ ఉంది.

వదిన తన చెయ్యి తను చూసుకుంది. తరవాత ఆ చెయ్యి కొంగులో దాచుకుంది. "నాయనా, ఎట్టింది నేనే" అంది.

"మరి తెలిసీ ఎందుకు చేశారు?" అని అడిగాను.

"బ్రేకు పాడైన బండి అలాగే కిందకి దిగితే, ఇంకెవుడు పడతాడో మేడమ్."

అంతే. కోపం లేదు, ఉపదేశం లేదు. వైద్యానికని ఇంకొంత ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. "దిగేటప్పుడు ఆ రాయి తీసి దాని సోట్లో ఎట్టీసి ఎళ్ళండి. నాను ఒంటి సేత్తో లేపలేక కొండపక్క కాలవలోకి దొర్లించీసినాను." సంచిలోంచి తాడు కట్టిన చెక్క దిమ్మ ఒకటి తీశాడు. "ఊరెళ్ళేదాకా హ్యాండు బ్రేకు ముట్టకండి. ఇది ఎట్టుకోండి." దాన్ని నాకు కాదు, వదినకి ఇచ్చాడు.

మూడో రోజు, దిగుదారి

దిగేటప్పుడు దారంతా వదిన ఆ దిమ్మని ఒళ్ళోనే పెట్టుకుంది. మలుపు దూరం నుంచే తెలిసింది. తెల్లరాళ్ళ వరసలో ఒకచోట ఖాళీ ఉంది, ఊడిన పన్ను లాగ. ఎక్కేటప్పుడు ఆ ఖాళీ వెనక ఏముందో నేను చూడలేదు. ఇప్పుడు చూశాను. ఏమీ లేదు. నేరుగా లోయ.

కారు గేరులో ఉంచి బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. వదిన దిగి ముందు చక్రానికి దిమ్మ తన్ని, సరేనన్నాకే నేను దిగాను. కాలవలో రాయి బోర్లా పడి ఉంది, ఒక మూల సున్నం రాలిపోయింది. ఆ రాలిన చోట నల్లటి టైరు గీత ఉంది. బైకు టైరుది. మొన్న ఒక్క నిమిషంలో దొర్లించుకొచ్చిన రాయిని వెనక్కి తీసుకెళ్ళడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండు లారీలకి దారిచ్చాం. దాని గుంటలో అది మొదటిసారికే సరిపోయింది. పొత్తుల ఆవిడ నిప్పులు విసురుకుంటూ అంతా చూసింది.

నేను కారెక్కి స్టార్ట్ చేశాను. వదిన తాడు పట్టి దిమ్మ లాగింది. నేను కదల్లేదు. ఆవిడ అటూ ఇటూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. తరవాత, అరవై మూడేళ్ళలో వీధిలో గొంతెత్తని మనిషి, లోయ మారుమోగేలా అరిచింది.

"రాయి తీసినాం!"

విజయనగరం

మేం ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా ఉంది. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఫోను రాలేదని ఆయనకి ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. ముందు కారు చుట్టూ తిరిగారు, సోమన్న లాగే. డిక్కీ దగ్గర ఆగి, ఆ తెల్లటి చెయ్యి చూసి, వేలితో గీకబోయారు.

"దాన్ని ముట్టుకోకు" అంది వదిన.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నన్ను అడగలేదు, వాళ్ళక్కనే అడిగారు. "ఏటక్కా, నిజం సెప్పు. కారు దారిలో ఇబ్బంది ఎట్టిందా?"

వదిన చెక్క దిమ్మతో కిందకి దిగింది. వంగి చక్రానికి అడ్డం పెట్టింది. డిక్కీ పట్టుకుని మెల్లగా లేచి, చీపుళ్ళ కట్ట తమ్ముడి చేతిలో పెట్టింది.

"కారు ఎవులికీ ఏ ఇబ్బందీ ఎట్టలేదురా" అంది. "మేవే ఎట్టేం."